బడిలో ఎంఎంఓఆర్‌పీజీ ఆటలతో చదువు చెప్పవచ్చా? – కావలి వైపు ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడి సమాధానం

ప్రశ్న అడిగినవారు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నారు. బడిలో ఇరవై కంప్యూటర్లు ఉన్నాయనీ, యాజమాన్యం ఆటల ద్వారా విద్య అంటూ ఏదో ఒక ఆన్‌లైన్ ఆటకు చందా కట్టాలని ఉబలాటపడుతోందనీ రాశారు. వారు అడిగినవి మూడు సంగతులు. వేలాది మంది ఒకే లోకంలో కలిసి ఆడే పాత్రధారణ ఆటలు, అంటే ఎంఎంఓఆర్‌పీజీలు, ఎనిమిది తొమ్మిది తరగతుల పిల్లల చదువుకు పనికొస్తాయా? వస్తే ఏ ఆటకు డబ్బు పెట్టాలి? తమకు ఆటల గురించి ఓనమాలు కూడా తెలియవు కనుక తాము ఈ పని నడపగలరా?

ముందు సూటిగా చెబుతాను. పనికొస్తాయి, అయితే సిలబసు పూర్తి చేయడానికి పనికిరావు. ధర ఎలా ఏర్పడుతుంది, అంటువ్యాధి ఎలా పాకుతుంది, ఒక పెద్ద పనిని నలుగురు ఎలా పంచుకుంటారు అనే మూడు నాలుగు విషయాలకు మాత్రం ఇంతకంటే మంచి సాధనం నాకు తరగతి గదిలో దొరకలేదు. పిల్లవాడు ఆడుతున్న గంటలో నేర్చుకునేది కొంచెమే. ఆడినదాన్ని లెక్క రాసి, తోటివాడితో వాదించి, ఇంకొకరికి అర్థమయ్యేలా వివరించే గంటలోనే అసలు చదువు జరుగుతుంది. అందువల్ల ఒక గంట ఆటకు రెండు గంటల నోటుపుస్తకం పని అనే నియమం పెట్టుకోగలిగితేనే దిగండి. చందాకు మాత్రం ఇప్పుడే ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

నేను మొదట కొండపి దగ్గర, తరువాత కావలికి తూర్పున రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక ఊళ్లో పనిచేశాను. 2017 నుంచి శనివారాలు బడి విడిచాక తొమ్మిదో తరగతి పిల్లలతో ఆటల జట్టు నడిపాను. కరోనా కాలం తీసివేస్తే ఆరేళ్ల అనుభవం అవుతుంది. కింద రాసేదంతా ఆ ఆరేళ్లలో తెలిసింది, కొంత చదివి తెలుసుకున్నది.

ఈ ఆటలకు మిగతా ఆటలకు తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, మీరు కంప్యూటరు ఆపి ఇంటికి పోయినా ఆ లోకం నడుస్తూనే ఉంటుంది. ఈ పద్ధతి 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు బొమ్మలు లేకుండా వట్టి అక్షరాలతో తయారుచేసిన ఆటతో మొదలైంది. అల్టిమా ఆన్‌లైన్ 1997లో, ఎవర్‌క్వెస్ట్ 1999లో, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చాయి. ఈ చివరిదానికి 2010 నాటికి కోటీ ఇరవై లక్షల మంది చందాదారులు ఉండేవారు. అంతమంది ఒకచోట చేరితే అక్కడ సంత పుడుతుంది, తగాదా పుడుతుంది, ఊరి కట్టుబాటు పుడుతుంది. సాంఘిక శాస్త్రం చెప్పేవాడికి కావలసిన ముడిసరుకు అదే. తెర మీద నాలుగు జవాబులు చూపించి ఒకటి నొక్కమనే ఆటల్లో ఇది దొరకదు.

సంతతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నా చేతిలో బాగా పండింది అదే. రూన్‌స్కేప్ అనే ఆట 2001లో వచ్చింది; అందులో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే అంగడిని 2007లో తెరిచారు. అమ్మేవాడు తన సరుకు అక్కడ పెట్టి ధర చెబుతాడు, కొనేవాడు తన ధర తాను చెబుతాడు, రెండూ కుదిరినప్పుడు బేరం తెగుతుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడరు. నేను పిల్లల్ని ఇద్దరిద్దరిగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఇనుప ఖనిజం, బొగ్గు, చేపలు, కలప వంటి ఒక్కొక్క సరుకు అప్పగించి, ఆరు వారాల పాటు వారానికి రెండుసార్లు ధర రాసి గ్రాఫు కాగితం మీద గీయమన్నాను. దీనికి పిల్లలందరికీ ఖాతాలు కూడా అక్కరలేదు, ఆ ఆట సొంత వెబ్‌సైటులోనే ప్రతి సరుకుకూ గత కొన్ని నెలల ధరల గీత కనిపిస్తుంది.

మూడో వారంలో ఒక పొగాకు రైతు కొడుకు లేచి అడిగిన ప్రశ్న నా పాఠాన్ని మార్చేసింది. "సార్, గేమ్‌లో సరుకు పోకపోతే వెనక్కి తీసుకొని రేపు మళ్లీ పెట్టుకుంటాం. మా నాయన బేళ్లు నోబిడ్ అయితే మళ్లా ట్రాక్టరుకెత్తి ఇంటికి తోలుకురావాల. ఆ బాడుగ ఎవురిస్తారు?" అని అడిగాడు. వేలం కేంద్రంలో కొనేవాడు లేక బేలు వెనక్కి రావడం కొండపి వైపు ప్రతి ఇంటికీ తెలిసిన కష్టమే. ఆ రోజు నుంచి ఆటలో ఉన్న సంతను వదిలి, ఆ సంతలో లేని ఖర్చుల పట్టిక రాయించాను. బాడుగ, దాచుకునే చోటు, ఆకు తేమ, పొగాకును కాల్చి ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెల ఖర్చు, కూలి, అప్పు మీద వడ్డీ, బ్యారన్‌కు ఇంత అని పొగాకు బోర్డు అనుమతించే పరిమాణం, ఇలా పట్టిక రెండు పేజీలు దాటింది. ఆటలో ఎవరైనా ఎంత ఖనిజమైనా తవ్వుకోవచ్చు, నిజంలో మాత్రం ఎంత పండించాలో పైనుంచి నిర్ణయిస్తారు కదా, ఈ రెండింటిలో రైతుకు ఏది మేలు అని రెండు శనివారాలు వాదించుకున్నారు. నేను తేల్చి చెప్పలేదు, చెప్పగలిగిన విషయం కూడా కాదు.

ఇదంతా బొమ్మల లోకం లెక్క అని యాజమాన్యం కొట్టిపారేస్తే ఒక సంగతి చెప్పండి. ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థిక శాస్త్రవేత్త 2001లో ఎవర్‌క్వెస్ట్ ఆటలోని దేశానికి తలసరి ఉత్పత్తి లెక్కగట్టి 2,266 డాలర్లని, అంటే రష్యాకూ బల్గేరియాకూ మధ్యస్థమని తేల్చారు. ఈవ్ ఆన్‌లైన్ ఆటను నడిపే ఐస్‌లాండ్ సంస్థ 2007లో తన ఆటలోని వ్యాపారాన్ని గమనించడానికి ఒక ఆర్థిక శాస్త్రవేత్తను ఉద్యోగంలోకే తీసుకుంది.

ఇక వ్యాధి పాఠం. ఇందులో నేను ఆట ఆడించనే లేదు. వార్‌క్రాఫ్ట్‌ను మోసే శక్తి మా కంప్యూటర్లకు లేదు. జరిగిన కథ మాత్రమే చెప్పాను. 2005 సెప్టెంబరులో ఆ ఆటలో హక్కార్ అనే రాక్షసుణ్ణి కొత్తగా పెట్టారు. వాడితో పోరాడేవారికి కలుషిత రక్తం అనే జబ్బు సోకుతుంది, పక్కన నిలబడినవారికి అంటుతుంది, పోరు స్థలం దాటితే అది ఉండకూడదని ఆట చేసినవారి ఆలోచన. కానీ వేటగాళ్ల వెంట ఉండే పెంపుడు జంతువులకు కూడా జబ్బు సోకింది. వాటిని యజమానులు మాయం చేసి, పట్నంలోకి వచ్చాక మళ్లీ పిలిచేసరికి జబ్బు పట్నానికి వచ్చేసింది. అంగళ్లలో కూర్చుండే కంప్యూటరు బొమ్మలకు సోకినా అవి చావవు కనుక వచ్చిన ప్రతివాడికీ అంటించాయి. బలం ఉన్న పాత్రలు తట్టుకున్నాయి, కొత్తగా చేరినవారి పాత్రలు క్షణాల్లో కూలిపోయాయి. కొందరు వైద్యం చేయడానికి పరుగెత్తారు, కొందరు ఊరు విడిచి పారిపోయారు, కొందరు కావాలనే అంటిస్తూ తిరిగారు. సంస్థ పెట్టిన కట్టడులు నిలబడలేదు. చివరికి ఆటనే సరిదిద్దవలసి వచ్చింది. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో దీనిని విశ్లేషించారు, నిజమైన మహమ్మారిలో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో ఊహించడానికి ఇటువంటి లోకాలు ఉపయోగపడవచ్చని రాశారు.

నేను కథ ముగించకముందే వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, "ఆ పెంపుడు జంతువులు మన పీతలే గదా సార్" అన్నది. ఇది కావలి వైపు బడిలో జరిగింది, తరగతిలో సగం మంది ఇళ్లవారికి రొయ్యల గుంటలున్నాయి. తెల్లమచ్చ వైరస్ వచ్చిన గుంటలో రొయ్య చస్తుంది, పీత మాత్రం వైరస్‌ను మోస్తూ బతికే ఉండి గట్టు దాటి పక్క గుంటలోకి పోతుంది. అందుకే గుంట చుట్టూ పీతలకు అడ్డుగా కంచె కడతారు, చచ్చిన రొయ్యను పక్షి ఎత్తుకొచ్చి వేరే గుంటలో పడేయకుండా పైన తీగలు లాగుతారు. ఈ సంగతులు నాకంటే ఆ పిల్లలకు బాగా తెలుసు. తెలియనిది ఏమిటంటే, రోగలక్షణాలు కనిపించని వాహకం అనే భావనకు శాస్త్రంలో ఒక పేరు ఉందని, అదే భావన గుంటకూ ఆటకూ కరోనాకూ వర్తిస్తుందని. ఆ తరువాతి శనివారం బడి ముంగిట సుద్దతో గుంటలు గీసి, ముప్ఫై ఆరు మందిని నిలబెట్టి, రంగు చీటీలు పంచి, ఒక్క పీతతో మొదలుపెట్టి ఎన్ని వంతుల్లో అన్ని గుంటలూ పోతాయో లెక్కించాం. జబ్బు వచ్చిన గుంట నీళ్లు కాలవలోకి వదిలే రైతు పాత్ర ఎవరూ తీసుకోమన్నారు. చివరికి చీట్లు వేయవలసి వచ్చింది. ఆ మౌనం ఎందుకో ఊరి సంగతులు తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పక చెప్పాలి. ఆటలో చచ్చినవాడు కాసేపట్లో లేచి వస్తాడు కనుక అక్కడి తెగింపును నిజమైన మనుషుల తెగింపుగా పిల్లలు పొరబడకూడదు. గుంట పోయిన రైతు లేచి నిలబడడానికి ఏళ్లు పడుతుంది.

ఇంగ్లిషు గురించి వేరుగా అడగకపోయినా యాజమాన్యాలు ముందు అడిగేది అదే కనుక రెండు మాటలు రాస్తున్నాను. అపరిచితులతో చాటింగ్ చేస్తే ఇంగ్లిషు వస్తుందనే ఆశ పెట్టుకోవద్దు. అక్కడ నలిగే భాషలో సగం సంక్షిప్తాలు, మిగతా సగం తిట్లు. చదువు ఉన్నది ఆట గురించి రాసుకునే చర్చల్లో. కాన్‌స్టన్స్ స్టైన్‌కూలర్, షాన్ డంకన్ 2008లో వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ల చర్చల నుంచి దాదాపు రెండు వేల రాతలు పరిశీలించి, వాటిలో 86 శాతం కలిసి జ్ఞానాన్ని నిర్మించుకునే మాటలేనని చూపారు. ఒకడు ఒక ఊహ చెబుతాడు, ఇంకొకడు లెక్కలతో కాదంటాడు, మూడోవాడు సవరిస్తాడు. నేను దీనిని తెలుగులోకి తెచ్చుకున్నాను. తొమ్మిదో తరగతివారు ఎనిమిదో తరగతివారి కోసం, రూన్‌స్కేప్‌లో రాగిని తగరంతో కరిగించి కంచు చేయడం ఎలాగో పది వాక్యాల్లో రాయాలి, చదివినవాడు మళ్లీ వచ్చి ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. పది వాక్యాలు సరిగా రాయడానికి వారికి మూడు వారాలు పట్టింది.

మొదటి ఏడు నేను చేసిన తప్పు కూడా వినండి. పిల్లలను స్వేచ్ఛగా వదిలితే వాళ్లే వెతుక్కుంటూ నేర్చుకుంటారని ఎక్కడో చదివి, శనివారం గంటసేపు ఆడుకోమని వదిలేశాను. నలభై నిమిషాలు అందరూ చెట్లు నరుకుతూ కూర్చున్నారు, ఎందుకంటే చెట్లు నరికితే ఆటలో తమ నైపుణ్యం చూపే అంకె పెరుగుతుంది. మరుసటి నెలలో ఒక పిల్లవాడి తండ్రి బడికి వచ్చి, "నేను ఇంట్లో సెల్లు లాక్కుంటా ఉంటే మీరు బళ్లో ఆడిస్తా ఉండారంటే ఎట్టా సారూ, ఈడు రాత్రి రెండు దాకా పడుకోవడంలేదు" అన్నాడు. ఆ అబ్బాయి తల్లి ఫోను నుంచి ఒక ఆటలో పన్నెండు వందల రూపాయల సరుకు కూడా కొన్నాడు. నేను చెప్పిన ఆట వేరు, వాడు కొన్నది వేరు, అయినా తలుపు తీసింది నేనే. ఆ తండ్రికి క్షమాపణ చెప్పి, రెండు నెలలు మూసేసి, నియమాలు రాసుకొని మళ్లీ మొదలుపెట్టాను.

ఆ నియమాల్లో అన్నిటికంటే పనిచేసింది కరణం పద్ధతి. ఒక కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చుంటారు. ఒకరు ఆడతారు, రెండోవారు కరణం. ఏం చేశారు, ఎందుకు చేశారు, ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నీ రాస్తారు. ఇరవై నిమిషాలకు మారిపోతారు. కరణం పుస్తకం పూర్తికాకపోతే వచ్చే వారం ఆ జంటకు ఆట లేదు. మా ల్యాబులో పన్నెండు కంప్యూటర్లకు తొమ్మిదే పనిచేసేవి కనుక గతిలేక పెట్టిన పద్ధతి ఇది. మీకు ఇరవై ఉన్నా పదే వాడండి.

చదువు కోసమే తయారుచేసిన ఎంఎంఓఆర్‌పీజీ కొనవద్దని ఎందుకంటున్నానో చెప్పాలి. పైన చెప్పిన కాస్ట్రొనోవాయే ఇండియానా విశ్వవిద్యాలయంలో షేక్స్‌పియర్ లోకం ఆధారంగా ఆర్డెన్ అనే ఆటను తలపెట్టారు. మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చింది. ఆట తయారయింది కానీ ఆడడానికి సరదాగా లేదని ఆయనే ఒప్పుకున్నారు. అంత డబ్బూ అంత తెలివీ పెట్టినవారికే సాధ్యం కానిది, మన బడులకు బ్రోచరు పట్టుకొచ్చే అమ్మకందారు దగ్గర ఉంటుందని నేను నమ్మను. దీనికి భిన్నంగా హార్వర్డ్‌లో క్రిస్ డీడ్ బృందం చేసిన రివర్ సిటీ ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఒక ఊళ్లో జనం ఎందుకు జబ్బు పడుతున్నారో పిల్లలు చిన్న జట్లుగా తిరిగి కనిపెట్టాలి. నీటి వల్ల, దోమల వల్ల, మనిషి నుంచి మనిషికి వచ్చే జబ్బులు మూడూ కలిసి ఉంటాయి. దాని బలం వేలమంది జనంలో లేదు, ఒక చిక్కుముడిలో ఉంది. అటువంటి చిక్కుముడిని మీ ఊరి బావి మీద మీరే రాసుకోవచ్చు.

కంప్యూటరు లేకుండా కూడా ఈ ఆటల పద్ధతిని వాడుకోవచ్చు. లీ షెల్డన్ అనే ఆటల రచయిత అదే ఇండియానా విశ్వవిద్యాలయంలో తన తరగతినే ఇటువంటి ఆటగా నడిపారు. అందరూ సున్నాతో మొదలవుతారు, పని చేసిన కొద్దీ అనుభవ పాయింట్లు పెరుగుతాయి, జట్లుగా పనులు సాధిస్తారు. నేనూ గోడకు ఒక అట్ట తగిలించి ఒక ఏడాది నడిపాను. నూటికి ఎన్ని పోగొట్టుకున్నాననే బెంగ పోయి, ఇవాళ ఎన్ని కూడబెట్టాననే ఉత్సాహం వచ్చిన మాట నిజమే. అయితే నెల తిరిగేసరికి ఒక జట్టు ఆంధ్రప్రదేశ్ పటాన్ని పదకొండుసార్లు గీసి పాయింట్లు దండుకుంది. చెట్లు నరికే బుద్ధి అట్ట మీదికి కూడా వచ్చిందన్నమాట. ఒకే పని రెండోసారి చేస్తే సగం, మూడోసారి చేస్తే సున్నా అని సవరించాక కుదుటపడింది. మొదట్లో చెప్పిన ఎసెక్స్ ఆట చేసిన బార్టిల్ 1996లో ఆటగాళ్లను సాధకులు, అన్వేషకులు, స్నేహశీలురు, హంతకులు అని నాలుగు రకాలుగా విడదీశారు. జట్లు వేసేటప్పుడు ఒక్కొక్క దానిలో ఒక అన్వేషకుడు ఉండేలా చూడండి, వాడు పాయింట్లు తేకపోయినా ప్రశ్నలు తెస్తాడు.

ఇక ఏర్పాట్ల విషయం త్వరగా ముగిస్తాను. ఈ ఆటల్లో చాలావాటికి కనీసం పదమూడేళ్లు ఉండాలి, కనుక ఎనిమిదో తరగతిలో పుట్టిన తేదీలు చూసుకోండి. వ్యక్తిగత డేటా రక్షణ కోసం 2023లో చేసిన చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. కాబట్టి పిల్లల పేర్లతో ఖాతాలు తెరవకుండా, తల్లిదండ్రుల సంతకాలు తీసుకొని, మారుపేర్లతో మీ పర్యవేక్షణలో ఉండే కొద్ది ఖాతాలతో సరిపెట్టండి. ఖాతాల గురించి ఆ ఆట షరతులు ఏమంటున్నాయో ముందు చదవండి. ఆన్‌లైన్ ఆటల మీద 2025లో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది డబ్బు పందెంతో ఆడే ఆటలను. చదువుకోసం, వినోదం కోసం ఆడేవి వేరు. ఈ తేడాను తల్లిదండ్రుల సమావేశంలో మీరే ముందు చెప్పకపోతే రమ్మీ మాట తప్పకుండా వస్తుంది. బహిరంగ చాటింగ్ మొదటి రోజే ఆపివేయండి. ఏ ఖాతాకూ కార్డు, యూపీఐ జతచేయవద్దు. ఆడడానికి నెట్ వేగం పెద్దగా అక్కరలేదు కానీ అన్ని కంప్యూటర్లూ శనివారం ఒకేసారి అప్‌డేట్‌కు పూనుకుంటే మీ గంట అక్కడే అయిపోతుంది, అందుకని శుక్రవారం సాయంత్రమే ఒక్కొక్కటీ తెరిచి సిద్ధం చేసుకోండి.

చివరగా, ఆట రానివారు నడపగలరా అన్నారు. ముందు మీరు ఒక్కరే రెండు వారాలు, రోజుకు అరగంట ఆడండి, అంతకుమించి అక్కరలేదు. నేను ఇప్పటికీ సరిగా ఆడలేను. రూన్‌స్కేప్ మొదలయ్యే లంబ్రిడ్జ్ ఊరి పక్కన గోబ్లిన్లు ఉంటాయి, చాలా బలహీనమైనవి. మొదటి సంవత్సరం అందరూ చూస్తుండగా వాటి చేతిలో నేను నాలుగుసార్లు చచ్చాను. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడి, కవచం ఎక్కడ దొరుకుతుందో, ముందు ఏ మాంసం కాల్చుకొని దగ్గర పెట్టుకోవాలో, ఎప్పుడు వెనక్కి పరుగెత్తాలో వరుసగా చెప్పాడు. ఆ ఏడాది వాడు నాతో మాట్లాడిన అతి పొడవైన మాట అదే, దాన్ని కరణం పుస్తకంలో వాడి చేతే రాయించాను.